తిండి నష్టం, వృథా తగ్గించే జిల్లా ప్రణాళిక: నెల్లూరు, ప్రకాశం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రైతులు, పంచాయతీ వాళ్లు, మార్కెట్ కమిటీ సభ్యులు, క్యాటరింగ్ వాళ్లు, హాస్టల్ వార్డెన్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు తిరుపతిలోకి, కందుకూరు నెల్లూరులోకి వెళ్లాయి. ఆ తర్వాత కూడా గీతలు కదులుతూనే ఉన్నాయి. అందుకని ఇక్కడ నెల్లూరు, ప్రకాశం అన్నప్పుడల్లా ఉమ్మడి జిల్లాలనే అనుకోండి. తాను ఏ కలెక్టరేట్ కింద ఉందో నిమ్మకాయకు పట్టదు.

నష్టం, వృథా రెండూ ఒకటే కదా?

లెక్క కోసం వేరు చేస్తారు. పొలం నుంచి హోల్‌సేల్ మార్కెట్ దాకా పోయేది నష్టం: రాలిన వడ్లు, లారీలో నలిగిన టమాటా, ఐసు చాలక మెత్తబడిన చేప. దుకాణంలో, హోటల్లో, కల్యాణ మంటపంలో, ఇంట్లో పారేసేది వృథా. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 12.3వది రెండిటి గురించీ చెబుతుంది. 2030 నాటికి దుకాణాలు, ఇళ్ల దగ్గర తలసరి వృథా సగానికి రావాలి, అంతకు ముందు దశల్లో నష్టాలు తగ్గాలి.

ఈ తేడా మనకెందుకంటే, ఎవరి పని ఏదో తేలడానికి. నష్టం సంగతి వ్యవసాయ, ఉద్యాన, మార్కెటింగ్, మత్స్య, జలవనరుల శాఖలది. వృథా సంగతి మున్సిపాలిటీ, ఆహార భద్రత, విద్య, సంక్షేమ శాఖలది.

"పండినదాంట్లో నలభై శాతం పారబోస్తున్నాం" అంటారు. నిజమేనా?

సభల్లో బాగా వినబడే మాటే, కానీ మన దేశంలో కొలిచి చూసిన లెక్కలు అంత చెప్పవు. కోత తర్వాతి నష్టాల మీద పరిశోధన చేసే లూధియానాలోని ఐసీఏఆర్-సీఫెట్ సంస్థ 2015లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం కోత నుంచి నిల్వ, రవాణా దాకా పోయేది తిండిగింజల్లో 4.65 నుంచి 5.99 శాతం, పప్పుల్లో 6.36 నుంచి 8.41 శాతం, పండ్లు, కూరగాయల్లో 4.58 నుంచి 15.88 శాతం, సముద్రపు చేపల్లో 10.52 శాతం. 2022లో నాబార్డు సలహా సంస్థ నాబ్‌కాన్స్ మళ్లీ లెక్కగడితే పండ్లలో 6.02 నుంచి 15.05, కూరగాయల్లో 4.87 నుంచి 11.61 శాతం తేలింది. దేశం మొత్తం మీద దాని విలువ సుమారు 1.53 లక్షల కోట్ల రూపాయలు. ఇళ్లలో పారేసే తిండి విషయానికొస్తే, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక భారత్‌లో మనిషికి ఏడాదికి 55 కిలోలని అంచనా వేసింది.

ఈ శాతాలు చూసి "ఇంతేనా" అనుకోవద్దు. ఇవి సగటులు. నిమ్మ ఏడాది పొడుగునా నెలకింత చొప్పున పోదు. ధర ఉన్న నెలల్లో రాలిన కాయ కూడా ఏరుకుంటారు, ధర పడిన రెండు వారాల్లో చెట్టు మీదే వదిలేస్తారు. జిల్లా ప్లాను పట్టుకోవాల్సింది ఆ రెండు వారాలనే. సగటు శాతం మీద ప్లాను రాస్తే అది ఫైల్లో ఉండిపోతుంది.

రాష్ట్రం, కేంద్రం పథకాలు ఉన్నాయిగా, మళ్లీ జిల్లాకో ప్లాను ఎందుకు?

పథకం డబ్బిస్తుంది. ఏ వారంలో ఏ ఊళ్లో ఏది కుళ్లుతుందో దానికి తెలియదు. ఫిబ్రవరి, మార్చిలో పెన్నా డెల్టాలో వరికోత. అదే రోజుల్లో ఒంగోలు, పర్చూరు వైపు శనగ చేతికొస్తుంది. ఏప్రిల్, మేలో ఉలవపాడు మామిడి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆగస్టు, సెప్టెంబరులో ఎడగారు (వేసవిలో నాటిన వరి) కోత, అప్పుడప్పుడే వానలు మొదలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, దానితో పాటు తుఫాన్ల టెన్షన్. ఈ క్యాలెండర్ విజయవాడలోనో ఢిల్లీలోనో కూర్చుని రాసేది కాదు.

ఇంకో సంగతి. ఒక శాఖ నిర్ణయం ఇంకో శాఖ నెత్తిన నష్టంగా పడుతుంది. కింద వరి గురించి చెప్పేది అదే.

వరిలో నష్టం ఎక్కడ మొదలవుతుంది?

కోతమిషన్ దగ్గర అని అందరూ అంటారు. మా లెక్కలో అది కాలవకు నీళ్లు వదిలే రోజునే మొదలవుతుంది.

సోమశిల కింద ఎంత ఆయకట్టుకు, ఏ తేదీ నుంచి నీళ్లివ్వాలన్నది నీటిపారుదల సలహా మండలి సమావేశంలో తేలుస్తారు. తేదీ రాగానే కాలవలన్నిటి కిందా ఒకేసారి నారుమళ్లు పడతాయి. ఒకేసారి పోసిన నారు ఒకేసారి పండుతుంది. అప్పుడు బుచ్చిరెడ్డిపాళెం, కోవూరు, సంగం, విడవలూరు అన్నిచోట్లా ఒకే వారం మిషన్లు కావాలి. ఉన్న మిషన్లు చాలవు, తమిళనాడు నుంచి వచ్చేవాటి కోసం ఎదురుచూపులు. వరసలో వెనకబడిన చేను ముదిరి గింజ రాలుతుంది. వరస దొరికినవాళ్లు "మళ్లీ మిషను దొరకదేమో" అని పచ్చిగా ఉండగానే కోయించేస్తారు, గింజలో తేమ 22, 24 శాతం ఉంటుంది. డ్రైవరుకు గంటల లెక్క, పక్క చేను వాళ్లు గట్టు మీద నిలబడి ఉంటారు, ఇక స్పీడు పెంచక ఏం చేస్తాడు? గింజ తాలుతో పాటు వెనక ఎగిరిపోతుంది. కోసింది ఆరబోయడానికి చోటు లేక రోడ్డెక్కుతుంది. ఆ రాత్రి మబ్బు పట్టిందా, పట్టల కోసం పరుగులే.

ఈ గొలుసులో వ్యవసాయ శాఖ కోత దగ్గర, పౌరసరఫరాల వాళ్లు కొనుగోలు దగ్గర కనిపిస్తారు. మొదటి ముడి వేసిన సమావేశంలో మాత్రం కోత గురించి ఎవరూ మాట్లాడరు. సలహా మండలి ఎజెండాలో ఒక్క అంశం చేర్చమని మేం అడుగుతున్నాం: ఈ తేదీకి నీళ్లిస్తే ఏ కాలవ కింద కోత ఏ వారం వస్తుంది, ఆ వారానికి మిషన్లు, పట్టలు, గోతాలు, గోడౌన్ చోటు ఉన్నాయా?

అంటే కాలవ కాలవకూ తేదీ మార్చాలంటారా? చివరి భూముల వాళ్ల గతేంటి?

న్యాయమైన భయమే. నెల రోజులు వెనక్కి జరిపితే ఆలస్యంగా నాటిన వరి ఎండ ముదిరాక పూతకొస్తుంది, తాలు ఎక్కువవుతుంది. ఆఖర్న నీళ్లు తగ్గితే ముందు దెబ్బతినేది కాలవ చివరి రైతే. అందుకే మేం అనేది పది, పదిహేను రోజుల తేడా గురించే, అదీ ఏటా ఒకే కాలవ వెనకపడకుండా వంతులు మార్చుకుంటూ. రకాలతో కూడా కొంత సర్దొచ్చు. ఒక కాలవ కింద స్వల్పకాలిక రకం, పక్కదాని కింద మధ్యకాలికం వేస్తే నీళ్లు ఒకే రోజు వచ్చినా కోతలు విడిపోతాయి. నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం రకాలు ఉండనే ఉన్నాయి. మిల్లర్లు ఒకే రకం అడగడం దీనికి పెద్ద అడ్డంకి. దాన్ని రైతుకు చెప్పి లాభం లేదు, మిల్లర్లను కూర్చోబెట్టి మాట్లాడాలి.

నా చేలో మిషను ఎంత గింజ రాల్చిందో ఎలా తెలుసుకోవాలి?

నాలుగు కర్రలు కట్టి మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం చేసుకోండి. కోతకు ముందు రోజు చేలో రెండుమూడు చోట్ల పైరు మధ్యలో అంత జాగాలో నేల మీద పడి ఉన్న గింజలు లెక్కపెట్టండి. అది తనంతట తాను రాలింది. కోత అయ్యాక మిషను వెళ్లిన దారిలో, గడ్డి పడిన వరస కింద, వరసల మధ్య అదే చట్రం వేసి లెక్కపెట్టండి. గడ్డి పైకెత్తి విదిలించడం మర్చిపోవద్దు, గింజ ఎక్కువగా దాని కిందే ఉంటుంది. తాలు తీసేసి నిండు గింజలే లెక్క. సగటు కట్టి, ముందురోజు లెక్క తీసేయండి.

బీపీటీ 5204 లాంటి సన్న రకంలో వెయ్యి గింజలు సుమారు 15 గ్రాములు. చదరపు మీటరులో 500 గింజలు తేలాయంటే ఏడున్నర గ్రాములు, ఎకరాకు 30 కిలోలు. ఈ లెక్క మొదటి మడి కోసిన వెంటనే చేస్తే డ్రైవరుతో మాట్లాడి స్పీడు, ఫ్యాను గాలి తగ్గించమనొచ్చు. మొత్తం కోసి డబ్బులిచ్చాక లెక్కపెట్టుకుని ఏం లాభం? ఊరికి పది చేలల్లో ఇలా కొలిచి రైతు సేవా కేంద్రంలో రాసి పెడితే, రెండు మూడు పంట కార్లు తిరిగేసరికి జిల్లాకు సొంత లెక్క తయారవుతుంది.

రాలింది బాతులు తింటాయిగా, అది నష్టమెలా అవుతుంది?

కోసిన చేలల్లో బాతుల మందలు దిగడం మన దగ్గర మామూలే. గుడ్డుగా, మాంసంగా తిరిగొస్తుంది కాబట్టి చెత్తకుప్పలో పడినదానితో సమానం కాదు. మనుషుల తిండి లెక్కలో మాత్రం అది నష్టం కిందే రాస్తారు. బాతులవాళ్లను ఆపమని ఎవరూ అనట్లేదు. వాళ్లకు దొరికేది తగ్గితే రైతుకు దక్కేది పెరిగినట్టు, అంతే.

కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందని వెనక్కి పంపితే ఏం చేయాలి?

మద్దతు ధరకు కొనే ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. రంగు మారిన, మొలకెత్తిన, దెబ్బతిన్న, పుచ్చిన గింజలన్నీ కలిపి 5 శాతం లోపు ఉండాలి. వెనక్కి పంపిన బండి ఎక్కడికి పోతుందన్నదే అసలు ప్రశ్న. ఆరబెట్టే చోటు లేని రైతు దారిలోనే దళారికి ఇచ్చేస్తాడు. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలు, కానీ తేమ పేరు చెప్పి పుట్టికి అదనంగా తూకం వేయించుకోవడం అందరికీ తెలిసిన సంగతే. ఆ అదనం కూడా రైతు వైపు నుంచి చూస్తే నష్టమే, జాతీయ లెక్కల్లో కనబడదు గానీ.

ప్లానులో రాయాల్సినవి రెండున్నాయి. కొనుగోలు కేంద్రానికి వచ్చే ముందే ఊళ్లో తేమ చూసే మీటరు ఒకటి ఉండాలి, అది పనిచేస్తుండాలి. కేంద్రాల దగ్గర సిమెంటు కల్లమో, అద్దెకు దొరికే డ్రయ్యరో ఉండాలి. ఉపాధి హామీ పనుల కింద కల్లాలు కట్టిన ఊళ్లు ఉన్నాయి. మీ ఊళ్లో కట్టింది ఇప్పుడు దేనికి వాడుతున్నారో ఒకసారి చూసి రండి. కొన్నిచోట్ల వాటి మీద పిడకలు, ట్రాక్టర్లు ఉంటాయి.

కోల్డ్ స్టోరేజీలు కడితే సగం సమస్య తీరదా?

తీరదు. "కోల్డ్ స్టోరేజీ" అన్న మాట వినగానే అన్నీ అందులో పెట్టేయొచ్చు అనుకుంటాం. నిమ్మ 8 నుంచి 10 డిగ్రీల మధ్య నెలన్నర, రెండు నెలలు ఆగుతుంది, అంతకంటే బాగా చల్లబడితే తోలు మీద మచ్చలొస్తాయి. అరటి 13 డిగ్రీల కంటే తగ్గితే నల్లబడుతుంది. ఉల్లికి తేమ గిట్టదు, ఆకుకూరకు తేమే ప్రాణం. మామిడి పక్కన పెట్టిన ఆకుకూర, మామిడి వదిలే ఇథిలీన్ వాయువుకు పండుబారుతుంది. ప్రకాశంలో ఉన్న కోల్డ్ స్టోరేజీలు ఎక్కువగా మిర్చి, శనగ కోసం కట్టినవి. గదులు పెద్దవి, అన్నిట్లో ఒకే చలి. అందులో టమాటా పెట్టమంటే ఆ యజమాని ఎందుకు పెడతాడు?

శనగ కథ కూడా గుర్తుంచుకోవాలి. పుచ్చు పట్టకుండా కాబూలీ శనగను ఒంగోలు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో పెట్టుకోవడం అలవాటు. మంచి పద్ధతే, చలికి పురుగు పెరగదు. పదేళ్ల కిందట ధర పడిపోయినప్పుడు ఒక పంట మీద ఇంకో పంట అక్కడే పేరుకుంది. అద్దె, వడ్డీ పెరిగాయి, గింజ రంగు మారింది. గింజ కుళ్లలేదు, విలువ కరిగిపోయింది. ధర ఎప్పుడొస్తుందో, ఎవరు కొంటారో తెలియని నిల్వ అంటే నష్టాన్ని వాయిదా వేసుకోవడమే.

అందుకే కొత్తది కట్టేముందు ఉన్నవాటి లెక్క తీయాలి. ఏ నెలలో ఎంత ఖాళీ, ఏ గదిని ఎన్ని డిగ్రీలకు మార్చొచ్చు, కరెంటు బిల్లు ఎంత పడుతుంది. ఇంట్లో పది బస్తాల కంది, శనగ దాచుకునేవాళ్లకైతే కోల్డ్ స్టోరేజీయే అక్కర్లేదు. బాగా ఎండబెట్టి గాలి చొరబడని సంచిలో కట్టేస్తే లోపలి పురుగు ఊపిరాడక చస్తుంది.

నిమ్మ ధర పడిపోయినప్పుడల్లా కాయలు పారబోస్తున్నారు. దీనికి ఏ ప్లానైనా పనిచేస్తుందా?

పూర్తిగా కాదు, కొంత పనిచేస్తుంది. పొదలకూరు, గూడూరు మార్కెట్ల నుంచి కాయ ఉత్తరాదికి పోతుంది. వేసవిలో, రంజాన్ నెలలో గిరాకీ. 2022 ఏప్రిల్‌లో కిలో రెండొందలు దాటిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. వానాకాలంలో అక్కడ చల్లబడగానే అదే కాయకు కోత కూలి కూడా రాదు. చెట్టు మాత్రం ఎక్కువ కాయ అప్పుడే ఇస్తుంది.

మొదటి పని తోటలో. సెప్టెంబరు, అక్టోబరులో పూత తెప్పిస్తే కాయ వేసవికి వస్తుంది. దీన్ని హస్త బహార్ అంటారు. నీళ్లు ఆపడం, కొమ్మ కత్తిరింపు, ఎరువులు సమయానికి పడాలి. సరిగ్గా ఆ నెలల్లోనే మన ఈశాన్య వానలు వచ్చి నీళ్లు ఆపే పనిని పాడుచేస్తాయి, కాబట్టి చెప్పినంత తేలిక కాదు. అయినా ప్రతి మండలంలో కొన్ని తోటలైనా అటు మళ్లితే వానాకాలపు దిగుబడి భారం తగ్గుతుంది. వెంకటగిరి దగ్గర పేట్లూరులో నిమ్మ పరిశోధన కేంద్రం ఉంది. రైతులను అక్కడికి తీసుకెళ్లే ఖర్చు ప్లానులో రాయడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

రెండోది మార్కెట్లో. కాయ ఎంత వస్తుందో ముందురోజు సాయంత్రానికే తెలిస్తే కొందరు కోత ఆపుకుంటారు. చెట్టు మీద కాయ ఇంకో నాలుగు రోజులు ఆగుతుంది, బస్తాలో ఆగదు. కమీషన్ ఏజెంట్లకు ఈ సమాచారం ఫోన్లలో ఉండనే ఉంది. మార్కెట్ కమిటీ దాన్ని రాత్రి ఎనిమిదింటికి అందరికీ పంపితే చాలు.

మూడోది అందరూ మొదట చెప్పేది: రసం, పచ్చళ్ల ఫ్యాక్టరీ. మేం దాన్ని కావాలనే చివర్న పెట్టాం. ఏడాదిలో రెండు నెలలే చవక కాయ దొరికే ఫ్యాక్టరీ మిగతా పది నెలలు ఏం చేస్తుంది? నిమ్మ, మామిడి, బత్తాయి, టమాటా వంతులవారీగా ఆడే ఉమ్మడి యూనిట్ అయితేనే నిలబడుతుంది. అలాంటిదానికి నెల్లూరు, ప్రకాశం రెండు చోట్ల నుంచీ సరుకు రావాలి. జిల్లా గీత దాటిన ప్లాను అవసరం సరిగ్గా ఇక్కడే.

ఉలవపాడు మామిడిలో ఎక్కువగా పోయేది ఎక్కడ?

కోసేటప్పుడు. కొమ్మ ఊపి రాల్చిన కాయకు లోపల దెబ్బ తగులుతుంది, పండేసరికి నల్లమచ్చ. తొడిమ లేకుండా తెంపితే సొన కారి తోలు మాడుతుంది. వల కట్టిన చిక్కంతో, తొడిమ ఒక సెంటీమీటరు ఉంచి కోసి, నీడలో తలకిందులుగా పెట్టి సొన కారనివ్వాలి. కార్బైడుతో మాగబెట్టడం నిషేధం. ఇథిలీన్ వాయువును నియమాల ప్రకారం వాడొచ్చు. హైవే పక్కన అమ్ముకునే వాళ్లకు నీడ కప్పిన వరస షెడ్లు వేస్తే మే నెల ఎండకు పోయే కాయ చాలావరకు దక్కుతుంది. ఇంత చిన్న పని కోసం పెద్ద పథకం కోసం చూడనక్కర్లేదు.

చేపలు, రొయ్యల సంగతి?

సముద్రపు చేపకు సమస్యంతా మొదటి గంటల్లోనే. బోటులో కిలో చేపకు సుమారు కిలో ఐసు లెక్క. ఐసు చాలకపోతే ఒడ్డున ఎంత మంచి హార్బర్ కట్టినా వచ్చేది మెత్తబడిన చేపే. జువ్వలదిన్నె లాంటి పెద్ద హార్బర్లతో పాటు చిన్న ఒడ్లకు, మైపాడు, కొత్తపట్నం వైపు, ఐసు వేళకు చేరుతుందా అన్నది చూడాలి. ఇసుక మీద ఎండబెట్టే చేపకు నేల నుంచి ఎత్తుగా వలబల్లలు వేస్తే ఇసుక అంటదు, వాన జల్లు పడితే ఎత్తి దాచుకోవచ్చు. ఈ పనులకు 2020లో మొదలైన మత్స్య సంపద యోజనలో చోటిచ్చారు. కార్తీకంలో చేప కొనేవాళ్లు తగ్గుతారని మత్స్య శాఖ క్యాలెండర్‌లో ఎక్కడా ఉండదు. ఒడ్డున అమ్మే ఆడవాళ్లను అడిగితే చెబుతారు.

రొయ్య దారి వేరు. తెల్లమచ్చ రోగమొస్తే ఒకే రోజు అందరూ చెరువులు పట్టేస్తారు, వంద కౌంటు (కిలోకు వంద తూగే) చిన్న రొయ్య మార్కెట్‌ను ముంచేస్తుంది. అది రోగ నియంత్రణతో తేలాల్సిన సమస్య. ఫ్యాక్టరీల్లో తీసేసే తలలు, పొట్టు మాత్రం పారేసేవి కావు, వాటితో దాణా, కైటిన్ తయారవుతాయి.

పెళ్లిలో మిగిలిన భోజనం ఎవరికైనా ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. మిగులు ఆహారం సేకరించి పంచడానికి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. పంచే సంస్థ ఆ సంస్థ దగ్గర నమోదై ఉండాలి, ఏది ఎక్కడి నుంచి ఎప్పుడు తీసుకున్నారో రాసుకోవాలి. ప్లేట్లో మిగిలింది ఎట్టి పరిస్థితుల్లోనూ పంచకూడదు. బఫే బల్ల మీద రెండు గంటలు మూత తీసి ఉన్నదాన్నీ వద్దనే అంటాం. వంటశాలలో మూతపెట్టి ఉన్న గిన్నెల్లోదే ఇవ్వండి.

అన్నం విషయంలో ఒక జాగ్రత్త. వండినా చావని బాక్టీరియా విత్తులు బియ్యంలో ఉంటాయి. గోరువెచ్చగా గంటల తరబడి ఉంచితే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. కాబట్టి వండినది 60 డిగ్రీల పైన వేడిగానైనా ఉండాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉండాలి, మామూలు గది వేడిలో రెండు గంటలు మించకూడదు. నెల్లూరు మే నెలలో ఆ రెండు గంటలు కూడా ఎక్కువే. రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేసి "రెండొందల మంది భోజనం ఉంది, తీసుకెళ్లండి" అంటే ఎవరూ ఏం చేయలేరు. తొమ్మిదింటికే చెప్పాలి.

అసలు అంత మిగలకుండా వండలేమా?

మిగలడానికి కారణం వంటవాడు కాదు, లెక్క. వెయ్యి మంది వస్తారనుకున్న పెళ్లివారు "ఎందుకైనా మంచిది" అని 1,100 ప్లేట్లు చెబుతారు. క్యాటరింగ్ ఆయన మాట పడకూడదని పది శాతం కలిపి 1,210కి సరుకు దించుతాడు. వంట మేస్త్రి ఇంకో పది శాతం కలుపుతాడు: 1,331. ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు జాగ్రత్తపడ్డారు. పైగా ముహూర్తం గట్టిదైతే ఊళ్లో పిలుపులు నాలుగైదు ఉంటాయి, అందరూ అన్నిచోట్లా తినరు. ముగ్గురూ కూర్చుని అదనం ఒక్కసారే వేసుకుంటే 1,100 దగ్గర ఆగుతుంది. రెండో దఫా అన్నం, వేపుడు పంక్తి చూసుకుని వండమంటే ఇంకా తగ్గుతుంది.

మున్సిపాలిటీ చేయగలిగింది కూడా ఉంది. లైసెన్సు లేని చోట వందమందికి మించిన కార్యక్రమం పెడితే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు చెప్పాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. ఆ సమాచారాన్ని ముహూర్తాల తేదీలతో కలిపి పెట్టుకుంటే ఏ రాత్రి ఎన్ని మంటపాల్లో మిగులు వస్తుందో ముందే తెలుస్తుంది. ఒకే రాత్రి ముప్పై చోట్ల మిగిలి, నెలంతా ఏమీ మిగలకపోవడం వల్లే పంచేవాళ్లు చేతులెత్తేస్తున్నారు.

హాస్టళ్లు, స్కూళ్లలో?

నెల్లూరులో రెసిడెన్షియల్ కాలేజీల హాస్టళ్లు ఎన్నో చెప్పక్కర్లేదు. అక్కడ తూకం వేసి చూడండి, ఏ రోజు ఏది మిగిలిందో. ఉప్మా రోజున బకెట్లు నిండుతాయి. మెనూ మార్చే అధికారం ఉన్నవాళ్లు ఆ బకెట్ చూడరు. రోజూ పారేసే తిండి కిలోల్లో బోర్డు మీద రాయమని కలెక్టర్ ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు, ఖర్చు ఒక కాటా. మధ్యాహ్న భోజనానికి ఉదయం హాజరు పడ్డాకే బియ్యం కొలవడం ఇప్పటికే మంచి వంట అమ్మలు చేస్తున్న పని.

మార్కెట్ కుళ్లు, హోటల్ చెత్త చివరికి ఎక్కడికి పోవాలి?

వరస ఇది: మనుషులు తినగలిగేది మనుషులకు, కాకపోతే పశువులకు, ఆ తర్వాత గ్యాసు లేదా ఎరువు, ఏదీ కాకపోతేనే డంపింగ్ యార్డు. నెల్లూరులో ఇప్పటికీ అందరికీ తెలిసిన చిరునామా దొంతాలి. తడి చెత్త గుట్టగా పడితే గాలి తగలక మీథేన్ వస్తుంది. కూరగాయల మార్కెట్ చెత్త దాదాపు అంతా తడిదే, ప్లాస్టిక్ కలవకముందే పట్టుకుంటే గ్యాసు ప్లాంటుకు మంచి సరుకు. పీసీపల్లి మండలం దివాకరపల్లిలో 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసిన గ్యాసు ప్లాంటు గడ్డి మీద ఆధారపడేది. దాన్ని చూసి "ఇక మన చెత్త సమస్య తీరింది" అనుకోవద్దు, ఊరి చెత్తకు ఊరి దగ్గరే చిన్న ప్లాంటు కావాలి. పల్లెల్లో చెత్తను ఎరువు చేసే సంపద తయారీ కేంద్రాలు కట్టారు. వానపాములు బతికి ఉన్నవి ఎన్నో సర్పంచులే చెప్పాలి.

వేరే దేశాల్లో నగరాలు, ప్రాంతాలు ఏం చేశాయి?

దక్షిణ కొరియా 2005లో తిండి వ్యర్థాలను భూమిలో పూడ్చడం నిషేధించి, 2013 నుంచి ఎంత పారేస్తే అంత రుసుము పెట్టింది. ఇటలీలోని మిలాన్ 2015లో నగర ఆహార విధానం తెచ్చి, కొన్ని పేటల్లో మిగులు ఆహార కేంద్రాలు నడుపుతోంది. కొరియా పద్ధతి మనకు ఇప్పుడే కుదరదు, ఇక్కడ రుసుము పెడితే చెత్త రాత్రికి రాత్రి కాలవలోకి పోతుంది. మిలాన్ పద్ధతి ఒంగోలుకు కూడా కుదురుతుంది.

డబ్బు ఎక్కడిది?

గోడౌను, ప్యాక్‌హౌస్, డ్రయ్యర్ లాంటివాటికి 2020లో వచ్చిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల దాకా రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ, ఏడేళ్ల దాకా. చిన్న ఆహార యూనిట్లకు పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ. కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో బ్యాంకులో, ఉద్యాన శాఖలో అడిగి మొదలుపెట్టండి. గుర్తింపు ఉన్న గోడౌన్‌లో సరుకు పెడితే వచ్చే ఎలక్ట్రానిక్ రసీదు మీద బ్యాంకు రుణం వస్తుంది, పంట చేతికొచ్చిన వారమే తెగనమ్ముకోనక్కర్లేదు. నాబార్డు ఏటా జిల్లాకొక రుణ ప్రణాళిక పుస్తకం వేస్తుంది. మీ మండలం అవసరం అందులో లేకపోతే బ్యాంకు మేనేజర్ దగ్గర మాట్లాడటం కష్టం.

నష్టం తగ్గితే మార్కెట్‌కు సరుకు పెరిగి ధర పడదా? రైతుకేం మిగిలింది?

పడొచ్చు. ఈ ప్రశ్నను దాటేసే ప్లాన్లంటే మాకు నమ్మకం లేదు. ధర లేక పారబోసే రోజుల్లో నష్టం తగ్గించమని రైతుకు చెప్పడం అర్థం లేని పని. ఆ రోజుల్లో కావాల్సింది వేరే వారానికి, వేరే ఊరికి సరుకు జరిపే దారి. ధర ఉన్న రోజుల్లో నష్టం తగ్గితే ఆ లాభం నేరుగా రైతుదే. అందుకే ప్లానులో ప్రతి పంటకూ రెండు వేర్వేరు పేజీలు ఉండాలంటాం: గిరాకీ వారాలకు ఒకటి, గిరాకీ లేని వారాలకు ఒకటి.

ఇవన్నీ ఎవర్ని అడగాలి?

ధాన్యం కొనుగోలు, గోతాలు, రవాణా: జాయింట్ కలెక్టర్. నీళ్ల తేదీలు: సలహా మండలికి వెళ్లే మీ ఎమ్మెల్యే, నీటి సంఘం అధ్యక్షుడు. మార్కెట్ సమాచారం, షెడ్లు: మార్కెట్ కమిటీ కార్యదర్శి. మిగులు భోజనం: ఆహార భద్రత అధికారి, మున్సిపల్ కమిషనర్. అర్జీ రాసేటప్పుడు "నష్టాలు తగ్గించండి" అని రాయకండి. ఏ ఊరు, ఏ వారం, ఏ సరుకు, ఎన్ని బస్తాలు పోయాయి, ఏం ఉంటే పోయేవి కావు అని రాయండి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక కాపీ పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, గ్రామసభ తీర్మానంలో చేర్పించండి.